మాటిమాటికి పనికివచ్చు గడి

బడులు తెరచు దినములలో మన కె.ఆర్.పురమున సైబర్ సెంటర్ల యొద్ద తల్లిదండ్రులు ఫారములు నింపించుచుందురు. శ్రీనివాసులు అను బాలుని పేరు తెలుగున వ్రాయుచుండగా 'శ్రీనివాసు' వద్దనే గడి ఆగిపోయినదనుకొనుడు. దోషము నింపినవారిది కాదు, గడిని కట్టినవారిది. 2023 మార్చిలో ఇచటినుండి వైట్‌ఫీల్డుకు మెట్రో నడువసాగినది. అట్టి గడులను కట్టువారు పెక్కురు ఆ బండిలోనే పోవుచుందురు. మీలో కొందరు రేపు వారితో కూర్చుండవచ్చును.

ఫారములో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు మొదలుగా పది గడులుండును. ప్రతిదానికిని శీర్షిక, వ్రాయుచోటు, తప్పు చూపు వాక్యము ఉండవలెను. పదింటిని పదిమారులు కట్టినచో, దోషమును తొమ్మిదింట దిద్ది పదవదానిని మరచుట సహజము. కనుక నేర్పరులు గడిని ఒక్కమారే కట్టుదురు. దీనినే కాంపొనెంట్ అందురు. శీర్షిక యేమి, తప్పనిసరియా కాదా, అక్షరముల హద్దెంత అను నియమములను మాత్రము వెలుపలినుండి అందింతురు. ఇంటిపేరునకు బదులు ఒక్క పొడియక్షరమే గల పిల్లలు మనలో ఎందరో! వారికై నియమమును సడలించిన చాలును; గడిని మార్చనక్కరలేదు.

ఇక స్థితి సంగతి. గడిలో ఇపుడేమున్నది, ఎవరైన అందు వ్రాసిరా, తప్పున్నదా అను మూడును కలిసి దాని స్థితి. తప్పు వాక్యము, అక్షరముల లెక్క, 'పంపుము' అను మీట దానిపై ఆధారపడును. ఇవి దేనికది లెక్క పెట్టుకొన్నచో, హాజరు పట్టీని ముగ్గురు వేరువేరుగ వ్రాసినట్లుండును.

బడిగంటను తలచుకొనుడు. బంట్రోతు తరగతి తరగతికి పోయి వేళ చెప్పడు. గంట కొట్టును, వినవలసినవారు విందురు. అట్లే స్థితి ఒక్కచోటనే యుండును. దానిని గమనింపగోరు భాగములు అచట పేరు నమోదు చేసికొనును. స్థితి మారగానే అది వానినన్నిటిని పిలుచును. ఎరిక్ గామా మొదలగు నలుగురు 1994లో వెలువరించిన గ్రంథమున ఈ పద్ధతికి 'అబ్జర్వర్' అని పేరు. విలువ మారనిదే గంట కొట్టరాదు. కొట్టినచో రెండు గడులు ఒకదానినొకటి పిలుచుకొనుచు అంతులేక తిరుగవచ్చును. ఫారము మూసినపుడు పేరు కొట్టివేయవలెను. లేనిచో బదిలీ పత్రము తీసికొనిపోయిన విద్యార్థిని దినదినము హాజరు పిలిచినట్లగును.

మన లిపి వచ్చుసరికి చిక్కు పెరుగును. యూనికోడ్‌లో 'శ్రీ' ఒక సంకేతము కాదు. శకారము, పొల్లు, రకారము, గుడి దీర్ఘము కలిసి నాలుగు. 'శ్రీనివాసులు' మనకు 5 అక్షరములు, యంత్రమునకు 12 సంకేతములు. హద్దు 10 అని పెట్టినవాడు తెలియకయే 'లు'ను నరికినాడు! మఱియు కొన్ని కీబోర్డులలో ఒత్తులు కూర్చుచుండగా మాట సగమే యుండును. కూర్పు మొదలైనదనియు, ముగిసినదనియు బ్రౌజరు రెండు సూచనలిచ్చును. రెండవది వచ్చిన పిదపనే పరీక్షింపవలెను. తప్పు వాక్యమును గడి విడిచిన తరువాతనే చూపుట మర్యాద. బాలుడు 'శ్' అనగానే గద్దించు గురువును ఎవరు మెత్తురు?

లెక్కించు తీరును గడి లోపల ఒకమారు సవరించి, సంకేతములకు బదులు అక్షరములనే లెక్కింపుమన్నచో, హద్దు 10గానే యున్నను శ్రీనివాసులు పేరు నిలుచును. తండ్రి పేరు గడిలో 17 సంకేతముల వేంకటసుబ్బారెడ్డియు నిలుచును.