గాజుటింటి తప్పులు

ఇంగ్లండు దక్షిణతీరమున కెదురుగా నున్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమున, ఫ్రెష్‌వాటర్ గ్రామమందు, 1863లో, తన నలువదియెనిమిదవ యేట, కుమార్తెయు అల్లుడును కాలక్షేపమునకై బహూకరించిన కెమేరాను చేతబట్టి, కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఛాయాచిత్రకళకు శ్రీకారము చుట్టెను. మనుష్యుల ముఖచిత్రములు తీయ నుద్దేశించువా రీమె పొరపాట్లను ఒకపరి పరిశీలించుట మేలు.

కోళ్లను వెడలగొట్టి వాని గాజుగూటిని స్టూడియోగను, బొగ్గుల కొట్టును చీకటిగదిగను మార్చుకొన్న యామె, ఆ యూరి రైతు నొకని గూర్చుండబెట్టి తీసిన మొట్టమొదటి బొమ్మను, పలకపై చేయి రాచి తానే తుడిచివేసికొన్నది! నాటి పద్ధతి యంత సున్నితమైనది: గాజుపలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యారకముందే చిత్రము తీసి కడిగి తేల్చవలెను, ఎదుట కూర్చున్నవారా, నిమిషములకొలది కదలరాదు.

పిమ్మట నిద్దరు పిల్లలను గూర్చి తీయుచుండగా వారిలో నొకరు ఫక్కున నవ్విరి. పలక కాస్తయు పాడయ్యెను. బొమ్మ చెడినప్పుడు కెమేరాను తిట్టువారే మెండు. ఈమె యట్లు చేయక ఆశను తగ్గించుకొని, ఆనీ ఫిల్‌పాట్ అను చిన్నదానిని ఒక్కదానినే కూర్చుండబెట్టి, నీవు కదలితివేని నా మందులును నా కష్టమును బూడిదలో పోసిన పన్నీరగునని బుజ్జగించెను. పాప కదలలేదు. 1864 జనవరిలో తీసిన యా చిత్రమునకు తన తొలి విజయమని పేరిడి, ఆ బిడ్డకు కానుక లిచ్చుటకై యిల్లంతయు వెదకెనట.

మూడేండ్లకు, చిరకాలమిత్రుడును, ఛాయాచిత్రములను నిలుపు హైపో గుణమును కనుగొన్న శాస్త్రజ్ఞుడును నగు సర్ జాన్ హెర్షెల్ చిత్రమునకై ఆమె సామగ్రి నంతయు కెంటు మండలమందలి యాయన గృహమునకే తరలించుకొనిపోయి, ఆ వృద్ధుని తెల్లని జుట్టును ముందుగా కడిగించి, భుజములపై నల్లని వస్త్రము కప్పి, వెలుగు ముఖముమీదనే నిలుచునట్లు చేసెను. మునుపటి కోళ్లగూటి గందరగోళ మిచట మచ్చునకైనను కానరాదు.

అయినను దిద్దుకొన నొల్లని తప్పొకటి కలదు. ఫోకస్ తొలుత యాదృచ్ఛికముగా మసకబారినను, ఆ మసకయే కంటికి సొంపుగా దోచిన చోట లెన్సును ఇంక త్రిప్పక ఆపివేయుట ఆమెకు రీతియైనది. పత్రికలవారు పరిహసించిరి. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. కూర్చున్నవారు కదలినందున చెదరిన బొమ్మలను సైతము కళాఖండములని పొగడుట అభిమానుల యతిశయము.

1868లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువా రామె స్టూడియోకై రెండు గదు లొసగిరి. మరుసటియేట పలకలపై పూత పగుళ్లు వారి, ప్రియమైన నెగటివు లెన్నియో నశించుచుండగా, మందులదే దోషమని యామె ఆ మ్యూజియము అధిపతి హెన్రీ కోల్‌కు మొరపెట్టుకొనెను.