కాలిగోటి బాధ – వేరులో వైద్యము

‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అని మనకు ఒక సామెత ఉన్నది. బాధమీద బాధ ఎట్లా ఉంటుందో చెప్పడానికి పెద్దలు వేలి కొసనే ఎంచుకొన్నారు. అందుకు కారణము లేకపోలేదు. వేలి కొసలో నాడుల కొసలు దట్టముగా ఉంటాయి. వాపు వచ్చినా అది వ్యాపించడానికి అక్కడ చోటు ఉండదు.

హైదరాబాదుకు తూర్పున ఉన్న నాచారము, ఉప్పల్ పారిశ్రామికవాడలలో రోజంతా నిలబడి పనిచేసేవారు ఎందరో ఉన్నారు. బరువైన వస్తువులు కాలిమీద పడకుండా కొన్నిచోట్ల గట్టి బూట్లు తొడుక్కొంటారు. అటువంటి కార్మికుడొకడు నాగోలులో నివసిస్తున్నాడనుకొందాము. అతని కాలి బొటనవేలి గోటి అంచు ఎర్రబడి, వాచి, చీము పట్టినది. మందుల దుకాణములో మాత్రలు కొని వేసుకొన్నాడు, తగ్గినది. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చినది. ఏడాదిలో ఇట్లా నాలుగుసార్లు జరిగినది. ఆపరేషనుకు ఎంత ఖర్చవుతుందో అన్న భయముతో అతడు వాయిదా వేస్తున్నాడు. ఇంతకూ అతనికి ఖర్చు తెచ్చిపెడుతున్నది ఆపరేషనా, వాయిదా వేయడమా?

గోరు ఎట్లా పెరుగుతుంది?

మనకు కనిపించే గోరు కెరటిన్ అనే ప్రోటీనుతో తయారైన పలక. దానిలో ప్రాణము లేదు. అందుకే కత్తిరించినా నొప్పి ఉండదు. ప్రాణమున్న భాగము గోటి మొదట, చర్మము కింద దాగి ఉంటుంది. దానినే గోటి వేరు అనుకొందాము. అక్కడ కొత్త కణాలు పుట్టి, గట్టిపడి, పాతవాటిని ముందుకు తోస్తాయి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగితే, కాలిగోరు అందులో సగమే పెరుగుతుంది. కాలి బొటనవేలి గోరు ఊడిపోతే పూర్తిగా తిరిగి రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది.

గోటికి రెండు ప్రక్కలా చర్మపు గట్లు ఉంటాయి. గోటి మూలలను గుండ్రముగా, మరీ లోతుకు కత్తిరిస్తే, ఒక్కొక్కప్పుడు ప్రక్కన చిన్న మొన మిగిలిపోతుంది. గోరు ముందుకు పెరిగినకొద్దీ ఆ మొన చర్మములో దిగబడుతుంది. ఇరుకు బూట్లు, చెమట, దెబ్బలు దానికి తోడవుతాయి. తెగిన చర్మములో సూక్ష్మజీవులు చేరుతాయి. నాళ్ళు గడిచేకొద్దీ అక్కడ ఎర్రని మెత్తని కండ పెరిగి, ముట్టుకొంటేనే రక్తము కారుతుంది.

దీనిని చాలామంది గోరుచుట్టు అనుకొని నిమ్మకాయ తొడుగుతారు. సాధారణమైన గోరుచుట్టులో సూక్ష్మజీవులే ముఖ్య కారణము. ఇక్కడ అసలు కారణము గోరే. కాలిలో ముల్లు ఉండగా పైన ఎన్ని మందులు పూసినా ప్రయోజనమేమి? మాత్రలు సూక్ష్మజీవులను చంపగలవు గాని, గోటి మొనను తీయలేవు.

తొలిదశలో

వాపు కొద్దిగా ఉన్నప్పుడు ఆపరేషను అవసరము లేదు. రోజూ కొంతసేపు కాలిని గోరువెచ్చని నీటిలో ఉంచి, తడి తుడిచి, చర్మపు గట్టును గోటినుంచి మెల్లగా దూరముగా నొక్కాలి. వైద్యులు గోటి అంచు కింద చిన్న దూది పోగును ఉంచుతారు. వేలికి ఒత్తిడి తగలని పాదరక్షలు వేసుకోవాలి.

శస్త్రచికిత్స

బాధ మళ్ళీ మళ్ళీ వస్తున్నప్పుడు శస్త్రచికిత్స తప్పదు. దీనికి మనిషికంతటికీ మత్తు ఇవ్వనక్కరలేదు. వేలి మొదట రెండువైపులా లిగ్నొకేన్ అనే మందును సూదితో ఎక్కిస్తే ఆ వేలు మాత్రమే మొద్దుబారుతుంది. పూర్వము ఈ సౌకర్యము లేదు. క్లోరోఫారము ప్రాణానికి ఎంతవరకు ప్రమాదమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున హైదరాబాదులోనే రెండు సంఘాలు పరిశోధనలు జరిపాయి. నేడు కొద్ది మిల్లీలీటర్ల మందుతో పని జరిగిపోతున్నది. రోగి సాధారణముగా ఆ రోజే ఇంటికి నడిచి వెళ్ళవచ్చు.

తరువాత గుచ్చుకొన్న వైపున గోటిని నిలువుగా సన్నని పట్టీగా కోసి తీస్తారు. ఇంతటితో ఆపితే వేరు మిగిలే ఉంటుంది గనుక గోరు మళ్ళీ అదే త్రోవన రావచ్చు. గోరంతా పెరికివేసినా అంతే. కాబట్టి ఆ అంచుకు సంబంధించిన వేరుపై ఫినాల్ (కార్బాలిక్ ఆమ్లము) ను కొద్ది నిమిషాలు అద్దుతారు. 1860–70ల మధ్య జోసెఫ్ లిస్టర్ పుండ్లలో సూక్ష్మజీవులను చంపడానికి వాడినది ఈ పదార్థమే. ఇది కణాలలోని ప్రోటీనులను చెడగొట్టి అంతవరకు వేరును నశింపజేస్తుంది. గోరు కొంచెము సన్నబడుతుంది, అంతే. కొన్ని వారాలు పుండునుంచి రసి కారుతుంది. ఫినాల్ చర్మాన్ని కాల్చివేస్తుంది గనుక దీనిని ఇంట్లో ప్రయత్నించరాదు. 2012లో కొక్రేన్ సంస్థ 24 పరిశోధనలను సమీక్షించి, గోరు తీయడముతోపాటు ఫినాల్ వాడితే బాధ తిరగబెట్టడము తగ్గుతుందని తేల్చినది.

ఖర్చు సంగతి

ఈ చికిత్సలో మత్తుమందు, ఫినాల్, దూది, కట్టుగుడ్డ – ఏవీ ఖరీదైనవి కావు. బిల్లును పెంచేవి వైద్యుని రుసుము, ఆపరేషను గది అద్దె, కట్లు మార్చడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడము. కనుక ప్రైవేటు వైద్యుని ముందుగానే మూడు ప్రశ్నలు అడగాలి. గోరంతా తీస్తారా, అంచు మాత్రమేనా? వేరుకు ఏమి చేస్తారు? చెప్పిన మొత్తములో కట్లు మార్చే ఖర్చు చేరి ఉన్నదా? వేరును వదలివేసిన చౌక ఆపరేషను రెండోసారి చేయవలసివస్తే చౌక కాదు.

మన కార్మికునికి మరొక మార్గము కూడా ఉన్నది. 1948 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన కార్మిక రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) పథకానికి నాచారములోనే ఆసుపత్రి ఉన్నది. 2019 జూలైలో సవరించిన రేట్ల ప్రకారము కార్మికుని వాటా జీతములో 0.75 శాతము, యజమాని వాటా 3.25 శాతము. 15,000 రూపాయల జీతగానికి తన వాటా నెలకు 112 రూపాయల 50 పైసలు. నెలనెలా చెల్లిస్తూ కూడా మందుల దుకాణానికే పరుగెత్తడము తన సొమ్మును తానే వదులుకోవడము. బీమా లేనివారికి ఉస్మానియా, గాంధీ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

ఒక హెచ్చరిక. మధుమేహము ఉన్నవారిలో పాదానికి స్పర్శ తగ్గి, నొప్పి తెలియకపోవచ్చు. రక్తప్రసారము మందగించి పుండు మానకపోవచ్చు. అటువంటివారు ఇంటి వైద్యము జోలికి పోక మొదటి రోజునే వైద్యుని చూడాలి. ఆలస్యమైతే వేలినే, ఒక్కొక్కప్పుడు పాదాన్నే తీసివేయవలసి రావచ్చు.

పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లల చేతిగోళ్ళను చూడడము మనకు అలవాటే. బూట్లలో దాగిన కాలిగోళ్ళను ఎవరూ చూడరు. ఈ బాధ ఎక్కువగా మొదలయ్యేది కౌమార వయస్సులోనే. గోటిని అడ్డముగా, తిన్నగా కత్తిరించాలనీ, మూలలు లోతుకు తీయరాదనీ ఒక్క నిమిషము చెప్పితే చాలు. అన్నిటికంటె ఖర్చు తక్కువైన వైద్యము అదే.