కార్లు వరసగా పెడుతున్నాడా? లాక్కోకండి, పక్కన కూర్చోండి

మీ అక్కకి మూడేళ్ల బాబు ఉన్నాడనుకుందాం. ఆటిజం అని డాక్టర్ చెప్పారు. పిలిస్తే తిరిగి చూడడు. గంటలతరబడి బొమ్మ కార్లు వరసగా పెడుతుంటాడు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? కార్లు లాక్కుని, "ఇది ఏ కలర్? చెప్పు నాన్నా, చెప్పు" అని ఎగ్జామ్ మొదలుపెడతారు. వాడు ఏడుస్తాడు. చివరికి చేతిలో ఫోన్ పెట్టేస్తారు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లే పద్ధతి ఒకటుంది. పేరు ఫ్లోర్‌టైమ్. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సైకాలజిస్ట్ సెరీనా వైడర్ కలిసి దీన్ని తయారుచేశారు. పేరులోనే విషయం ఉంది. పెద్దవాళ్లు నేల మీద కూర్చుని, పిల్లాడి ఆటలోకి వెళ్లాలి. వాణ్ణి మన ఆటలోకి లాగడం కాదు.

ఎలాగో చూద్దాం. తర్వాతి కారు మీరు అందించండి. తీసుకున్నాడా? మీరు ఒకటి చేశారు, వాడు బదులిచ్చాడు. దీన్ని కమ్యూనికేషన్ సర్కిల్ అంటారు. ఇప్పుడు మీ చెయ్యి అడ్డం పెట్టి "గేటు పడిందోయ్!" అనండి. వాడు మీ చెయ్యి తోసేశాడా? అది అల్లరి కాదు, జవాబు. "ఓ, గేటు తియ్యాలా?" అని తీసేయండి. ఇంకో సర్కిల్ పూర్తయింది. వాడికి చిరాకొస్తే వెంటనే తగ్గండి, కాసేపు ఊరికే పక్కన ఉండండి. ఒకటి, రెండు, పది... ఇలా గొలుసు పెంచుకుంటూ పోవడమే పని. మాటలకి ముందు ఈ ఇచ్చిపుచ్చుకోవడం రావాలి, అదీ దీని లాజిక్. ఒక్కో సెషన్ సుమారు 20 నిమిషాలు, రోజులో కొన్నిసార్లు.

ఇంకో ముఖ్యమైన పాయింట్. ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా ఉండరు. ఒకడు మిక్సీ సౌండ్‌కే చెవులు మూసుకుంటాడు. ఇంకొకడికి గట్టిగా హత్తుకుంటేనే హాయిగా ఉంటుంది. ముందు అది గమనించాలి. చుట్టూ టీవీ మోగుతుంటే మొదటివాడు మీతో ఆడలేడు. అది మొండితనం కాదు.

మరి ఇలాంటివి పనిచేస్తాయా? ఫ్లోర్‌టైమ్ మీద వచ్చిన స్టడీలు చాలావరకు చిన్నవి, కాబట్టి గ్యారంటీలు ఇవ్వలేం. కానీ దీనికి దగ్గరగా, తల్లిదండ్రుల ద్వారా నడిచే ఇంకో పద్ధతిని గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో పరీక్షించారు. స్పెషలిస్టులు కాని హెల్త్ వర్కర్లకి ట్రైనింగ్ ఇచ్చి చేయించారు. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో ఫలితాలు వచ్చాయి. తల్లిదండ్రులు పిల్లలకి తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది.

అందులో వాళ్లు వాడిన ట్రిక్ మన చేతిలోనే ఉంది: వీడియో. అమ్మ, బిడ్డ ఆడుకునేది రికార్డ్ చేసి, తర్వాత అమ్మతో కూర్చుని చూస్తారు. బిడ్డ ఓరగా చూసిన ఆ అర సెకను ఆడుతున్నప్పుడు తెలియదు, వీడియోలో దొరుకుతుంది. సో ఫోన్ పిల్లాడి చేతిలో కాదు, ఎదురుగా స్టాండ్ మీద ఉండాలి. అయితే ఆ వీడియో థెరపిస్ట్‌కి చూపించడానికి మాత్రమే. స్టేటస్‌లో పెట్టకండి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఇది ఆటిజాన్ని "నయం" చేయదు. ఆటిజం జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరులో తేడా. పూర్తిగా నయం చేస్తామని ప్యాకేజీ అమ్మేవాళ్లకి దూరంగా ఉండండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చెప్పి ఉంటే ఆపొద్దు. వినికిడి టెస్ట్ తప్పక చేయించండి. అనుమానం ఉంటే "వాళ్ల నాన్నకి కూడా లేటుగానే మాటలొచ్చాయి" అని ఆగొద్దు. సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ అడగండి.

అక్క ఇంటిపని, ఆఫీసు, థెరపీ సెంటర్ల మధ్య అలిసిపోయి ఉంటుంది. మేనమామగా, పిన్నిగా మీరు వెళ్లినప్పుడు సలహాలు ఇవ్వకండి. 20 నిమిషాలు నేల మీద కూర్చుని, వాడికి తర్వాతి కారు అందించండి.