పాత మేడ కొంటున్నారా? గోడల కంటే ముందు వారసులను లెక్కపెట్టండి

మలక్‌పేట, సైదాబాద్, మెహదీపట్నం, టోలిచౌకి లాంటి హైదరాబాద్ పాత కాలనీల్లో ముప్పై, నలభై ఏళ్ల నాటి మేడలు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. అమ్మీ, అబ్బా కింద ఉంటారు, కొడుకూ కోడలూ పైన ఉంటారు. మసీదు, బడి, మార్కెట్ నడిచి వెళ్లేంత దూరంలోనే. అపార్ట్‌మెంట్ కంటే ఇదే నయం అనిపిస్తుంది. నయమే. కాకపోతే ఒక సంగతుంది. వడ్డీ వద్దనుకుని మనలో చాలామంది బ్యాంకు లోన్ జోలికి వెళ్లరు. లోన్ ఇచ్చే బ్యాంకైతే తన లాయర్‌తో కాగితాలు, తన ఇంజనీర్‌తో ఇల్లు చూపించుకుంటుంది. లోన్ లేనప్పుడు ఆ రెండు పనులూ మనవే. అదీ బయానా ఇవ్వకముందే.

ఇల్లు ఎవరి పేరున ఉందో అందరూ అడుగుతారు. ఆ మనిషి బతికే ఉన్నారా, లేకపోతే వారసులెవరు అని కూడా అడగాలి. ముస్లిం లా ప్రకారం యజమాని చనిపోగానే వాటాలు వారసులకు చేరిపోతాయి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు. కూతురికి కొడుకు వాటాలో సగం. తల్లి బతికుంటే ఆమెకూ ఉంటుంది. ఆ ఇంట్లో ఉంటున్న పెద్దన్న ఒక్కడే సంతకం పెడితే మీకొచ్చేది అతని వాటా ఒక్కటే. "మా ఆపాకేం వద్దంది" అనే మాటతో పని జరగదు. ఆపా సంతకం కావాలి. జెద్దాలో ఉన్న తమ్ముడిది కూడా. వారసుల్లో మైనర్లుంటే మరీ జాగ్రత్త. వాళ్ల వాటాను తల్లి తనంతట తాను అమ్మలేదు, కోర్టు అనుమతి ఉండాలి.

"ఈసీ తీశాం, క్లియర్‌గా ఉంది" అంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. హిబా నోటిమాటతో ఇచ్చినా చెల్లుతుంది. ఇస్తున్నానని చెప్పడం, అవతలివాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ ఉంటే చాలు. కాగితం రాసుకున్నా దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తండ్రి ఎప్పుడో పై పోర్షన్ కూతురికి హిబా చేసి ఉండొచ్చు, మీ ఈసీలో ఆ ఊసే ఉండదు. అందుకే మేడ ఎక్కి, పైన ఉంటున్నవాళ్లు ఏ హక్కుతో ఉంటున్నారో నేరుగా అడగండి. మొహమాటం వద్దు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. వక్ఫ్ భూమా కాదా అన్నది, 22-ఎ నిషేధిత జాబితా, ఈ రెండూ అప్పుడే చూసేయండి. నోటరీ కాగితం మీద కొన్న ఇల్లయితే యాజమాన్యం వచ్చినట్టు కాదు.

ఇక ఇల్లు. పై అంతస్తు ఎప్పుడు కట్టారన్నది మొదటి ప్రశ్న. కింది ఇల్లు ఒక్క అంతస్తుకే కట్టి, పదేళ్ల తర్వాత పైన వేసి ఉంటే ఆ బరువు పాత పునాది మీదే ఉంటుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లుంటే ఇంజనీర్‌కు చూపించాలి. కొత్త సున్నం వేసిన గోడను అనుమానించండి. స్లాబ్ కింద చిన్న సుత్తితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే లోపల ఇనుము తుప్పు పట్టి పెచ్చు విడిపోయి ఉండొచ్చు. పై బాత్రూమ్‌కు సరిగ్గా కింద ఉన్న గది సీలింగ్ చూడండి. పై అంతస్తుకు మున్సిపల్ అనుమతి ఉందా? టాక్స్ రసీదు అనుమతి కాదు.

వీధి కూడా చూడాలి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో చాలా పాత ఇళ్ల గడప రోడ్డు కంటే కిందికి పోయింది. 2020 అక్టోబర్ వానలకు నదీమ్ కాలనీ, అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ ఎలా మునిగాయో మనం చూశాం. నీళ్లు ఎంతవరకు వచ్చాయో అమ్మేవాళ్లను కాదు, పక్కింటివాళ్లను, మూల మీది కిరాణా షాపు భాయ్‌ని అడగండి.

మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటే ఇంకోసారి ఆలోచించండి. పై పోర్షన్ నుంచి జబ్బుపడ్డ మనిషిని స్ట్రెచర్ మీద దించాల్సి వస్తే ఆ మలుపులో అది తిరగాలి. టేపు తీసుకెళ్లి కొలవండి.