చప్పట్లు కొట్టి చూడండి

తెనాలి పెంకుటింట్లో ఇరవై ఏళ్లు హాయిగా పాడిన స్పీకర్లు, మియాపూర్ ఫ్లాట్‌లోకి రాగానే జలుబు చేసినట్టు మూలగడం మొదలెట్టాయి. అదే యాంప్లిఫయర్, అదే ‘గీతాంజలి’ సీడీ. గోడవార సోఫాలో కూర్చుంటే ఇళయరాజా బేస్ గిటార్లో ఒక్క స్వరం మాత్రం బుయ్యిమని గుండెల మీద పడుతుంది. మిగతావి ఎటు పోతాయో! “ముసలివైపోయాయి, కొత్తవి కొందాం” అని మావారు తేల్చేశారు.

ఓ సాయంత్రం పాట మోగుతుండగా కాఫీ గ్లాసుతో హాలు మధ్యకి వచ్చాను. ఆ బుయ్యి మాయం! నాలుగడుగులు గోడవైపు వేస్తే మళ్లీ ప్రత్యక్షం. సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లల చేత శృతిదండాలు పట్టించి, గొట్టంలో నీటిమట్టం మారుస్తూ అనునాదం వినిపించినదాన్ని. నేను కూర్చున్నదే ఓ పెద్ద గొట్టంలో అని తట్టలేదు.

మా హాలు 12 అడుగుల చదరం. దానికి రెట్టింపు, అంటే 24 అడుగుల తరంగం ఎదురెదురు గోడల మధ్య చక్కగా ఇమిడిపోతుంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. లెక్క కడితే 47 హెర్ట్జ్. గోడల దగ్గర దాని పీడనం హెచ్చు, నడిమధ్య దాదాపు సున్న. చదరం కాబట్టి రెండు జతల గోడలూ ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుంటాయి. వాస్తుకి మంచిదేమో గానీ పాటకి శనే.

పైగా స్పీకర్లు మూలల్లో పెట్టాం. మూలలో రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని ఇంకా ఉబ్బిస్తాయి. వాటిని రెండున్నర అడుగులు ముందుకు లాగి, సోఫాని గోడనుంచి మూడడుగులు జరిపాం. సగం రోగం అక్కడే కుదిరింది.

మిగతా సగం చప్పట్లు కొడితే తెలిసింది. టప్ అనాల్సింది ట్రింగ్‌మంది. నున్నటి టైల్సు, బోసి గోడలు. తెనాలిలో నవారు మంచం, పరుపుల దొంతర, దండెం మీద బట్టలు ఆ మోతని మింగేసేవి. ఇదే రోగంతో 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అన్నాక ఐదున్నర సెకన్లు మోగేది. వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు దగ్గరి థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిళ్లు తెప్పించి, పరిచి, మోత ఆగే కాలం కొలిచి, తెల్లారేలోగా తిరిగి పంపేవాడు. ఆ దారిలోనే మేం జంపఖానా పరిచి, మందపాటి కర్టెన్లు కట్టాం. తర్వాత మావారు పక్కగోడ వెంట అద్దం పట్టుకు నడిచారు. సోఫాలోంచి నాకు అద్దంలో స్పీకర్ కనబడిన చోటే శబ్దం మొదట గోడకి తగిలి నా చెవికి వచ్చేది. అక్కడ పుస్తకాల బీరువా పెట్టించాను.

కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎదురింటి కుర్రాడి సలహా. 24 అడుగుల అలకి అంగుళం అట్ట ఏపాటి?

సోఫా ఇప్పుడు నడవాకి అడ్డం. రాత్రి మంచినీళ్లకి లేచినప్పుడల్లా మావారు మోకాలు కొట్టుకుంటున్నారు. కొత్త స్పీకర్ల మాట మాత్రం ఎత్తడం లేదు.