శ్రోత వ్యాఖ్యాత యగుట

రేడియోకు ఉత్తరము వ్రాసి పాట కోరుకొనుట మన యిండ్లలో చిరకాలము సాగిన వాడుక. పోస్టుకార్డుపై పాట పేరు, చిత్రము పేరు, వాని క్రింద ఇంటిల్లిపాది పేర్లు, చివర నరసరావుపేట యనియో మాచర్ల యనియో గురజాల యనియో ఊరి పేరు. పాట వచ్చుటకంటె తమ పేరు వినబడుటయే పెద్ద సంబరము. ఐనను ఆ పాటను గూర్చిన మాటలు మాత్రము వ్యాఖ్యాతవే. కార్డు వ్రాసిన యిల్లాలు ఒట్టి పేరుగనే మిగిలిపోవును. ఆమె కా పాట యేల ప్రియమైనదో అడిగినవారు లేరు.

స్వచ్ఛందముగా నడుపబడు పాశ్చాత్యదేశపు చిన్న రేడియో కేంద్రములలో వేరొక పద్ధతి కలదు. ఒక తరహా సంగీతమును ఏండ్లతరబడి ప్రేమించి వినిన శ్రోతను పిలిచి, ఆ వారపు గంటను పూర్తిగా ఆమెకే అప్పగింతురు. పాటల నెన్నుకొనుటయు, వానిని గూర్చి పలుకుటయు ఆమె పనియే. ప్రోగ్రెసివ్ రాక్ అను సంగీతమున కీ పద్ధతి చక్కగా అమరును. అది 1960ల చివర ఇంగ్లండులో పెరిగినది. గిటారు, డ్రమ్ములతో సాగు రాక్ పాటకు పాశ్చాత్య శాస్త్రీయసంగీతపు కట్టడమును, జాజ్ వాద్యకారుల మనోధర్మమును చేర్చిరి. కింగ్ క్రిమ్సన్ బృందము తొలి రికార్డు 1969లో వెలువడెను. 1972లో యెస్ బృందమువారి 'క్లోజ్ టు ది ఎడ్జ్' అను పాట పదునెనిమిది నిమిషములు దాటి, రికార్డులో ఒక ప్రక్కనంతయు ఆక్రమించెను. ఆ యేటనే జెత్రో టల్ వారు 'థిక్ ఆజ్ ఎ బ్రిక్' అను ఒకే పాటతో రెండు ప్రక్కలను నింపిరి. పింక్ ఫ్లాయిడ్ వారి 'మనీ' అను 1973 నాటి పాట చాలవరకు ఏడేసి మాత్రలతో నడచును. మిశ్రచాపు నేర్చిన మన పిల్ల దానికి తొడపై తాళము వేయగలదు. గిటారు ఏకాకిగా మ్రోగుచోట మాత్రము అది నాలుగింటికి మారును, తడబడకుండవలెను.

మూడు నిమిషముల పాటకు మూడు ప్రకటనలు చేర్చు కేంద్రములకు ఇట్టి సంగీతము గిట్టుబాటు కాదు. కావుననే దానిని బ్రతికించుటలో అభిమానుల చేయి పెద్దది.

ఇంత దీర్ఘమైన పాటను ఎవరు విందురని పల్నాటివారు అడుగరాదు. కారెంపూడిలో కార్తికమాసపు వీరుల ఉత్సవములలో బ్రహ్మనాయుని కథను, బాలచంద్రుని కథను వీరవిద్యావంతులు పాడుచుండగా జనము కదలక వినుచుందురు. జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు ఆ మౌఖికగాథను ఒక గాయకుని నోట విని ఆంగ్లమున కనువదింపగా, 1982లో అది గ్రంథరూపమున వెలువడినది. ఒక మాట పల్నాటి ఆడువారు గమనింపదగినది. నాయకురాలు నాగమ్మ కథ మనకు చేరినది ఆమె ప్రత్యర్థుల పక్షము వహించిన పాటలలోనే. ఆమె తన నోట చెప్పియున్నచో కథ మరియొక తీరుగ నుండెడిదేమో.

అతిథిని పిలుచుట రేడియోకు కొత్త కాదు. బి.బి.సి.లో 1942 జనవరి 29న మొదలైన 'డెజర్ట్ ఐలండ్ డిస్క్స్' నిర్జనద్వీపమునకు తీసికొనిపోదగిన ఎనిమిది రికార్డులను అతిథిచే ఎన్నిక చేయించును. మన వివిధభారతి 'జనరంజని'లో సినీనటులు, గాయకులు, రచయితలు తమకు నచ్చిన పాటలను వినిపించిరి. ఆ కార్యక్రమముకొరకు ఎన్ని యిండ్లలో పొయ్యిమీది కూర మాడెనో! కాని వచ్చినవారందరును ప్రసిద్ధులే. ప్రసిద్ధులు కానివారిని తొలుత మైకు చెంతకు రప్పించినది, నా యెఱిగినంతలో, న్యాయపతి రాఘవరావు కామేశ్వరి దంపతులు, అనగా మన రేడియో అన్నయ్య, అక్కయ్యలు. వారు పిలిచినది పిల్లలను. పిల్లల తల్లులు స్టూడియో వెలుపల కూర్చుండిరి.

తల్లుల వంతు చాల ఆలస్యముగ వచ్చినది. వాయుతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. 2006లో స్వచ్ఛందసంస్థలకు సామాజిక రేడియో నడుపుటకు అనుమతి లభించినది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతమున మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి 'సంగం రేడియో' ఆరంభమయ్యెను. దానిని నడపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అను దళిత స్త్రీలు. పొలములో కలుపుతీయు స్త్రీలు విత్తనములను గూర్చి, పంటలను గూర్చి తమ యాసలోనే మాటాడిరి, తమ పాటలు తామే పాడిరి. నిన్న వినినామె నేడు పలికినది. చదువుకొన్నవారమైన మనకు ఆ అవకాశము లేకపోవుట వింతగానే యున్నది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది మొదలు పల్నాటి వంటయిండ్లలో ఎన్ని తరముల స్త్రీలు పాటలు విని, ఏ పాట ఎవరు వ్రాసిరో, ఎవరు స్వరపరచిరో తడుముకొనక చెప్పగలిగిరి! ఆ తెలివి వ్రాతలో లేదు. వారితోనే పోవుచున్నది.

ఇంటిలోని పెద్దలు ఊరకుందురా యని కొందరు సోదరీమణులు సందేహింతురు. ఉత్తరములో ఇంటిపేరుతో సహా పదిమంది పేర్లు చదివించుకొన్న పెద్దలు గొంతునకు మాత్రమే అభ్యంతరము చెప్పుట న్యాయము కాదు.

పిలుపు వచ్చినచో సిద్ధపడుట యెట్లు? ముందు లెక్క. పాతకాలపు గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి కొంచెమే పట్టెడిది. మన సినిమాపాటకు పొట్టితనము అందుండియే వచ్చినది. 1948లో వచ్చిన పెద్ద రికార్డు ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టెను, దీర్ఘగీతములకు అది దారి చూపినది. ఇప్పుడు నాలుగేసి నిమిషముల పాటలు పది పెట్టినచో నలుబది నిమిషములు. మిగిలిన ఇరువదియు మాటలకు, అనగా పాటకు రెండు నిమిషములు. ఎనిమిదే పెట్టినచో ఇరువదియెనిమిది నిమిషములు మాటాడవలెను, కొత్తవారికది భారము. పాట మధురమనియు అద్భుతమనియు చెప్పనక్కరలేదు, అది వినువారికే తెలియును. మీరు దానిని తొలుత ఎచ్చట వింటిరో, ఏ పని చేయుచు వింటిరో చెప్పుడు. కవి, గాయని, సంగీతదర్శకుల పేర్లు తప్పక చెప్పుడు. ఇంటిలో మాటాడు భాషనే పలుకుడు, పల్నాటి యాసను దాచుకొనకుడు. కాగితము త్రిప్పు చప్పుడు మైకులో పడును గనుక ప్రతి పాటకు విడికాగితమొకటి వ్రాసికొని, వానిని బల్లపై వరుసగా పరచికొని కూర్చుండుడు.