తలుపు వెనకాల క్రిస్మస్

మాది గుంటూరు. మా వైపు క్రిస్మస్ ముందు చెవిన పడుతుంది, తర్వాతే కంటికి కనపడుతుంది. డిసెంబరు రాగానే వెదురుబద్దల నక్షత్రం డాబా మీదికెక్కుతుంది, సెమీ క్రిస్మస్‌ల మైకులు మొదలవుతాయి. అర్ధరాత్రి క్యారల్స్ వాళ్లు డప్పులతో గుమ్మంలోకొస్తే నిద్రమొహాలతోనే లేచి టీ పెట్టివ్వాలి. పైగా మేం లూథరన్లం. 1842లో గుంటూరొచ్చి మా సంఘానికి పునాది వేసిన ఫాదర్ హేయర్‌ని పంపింది అమెరికా సంఘమే అయినా, ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. అందుకే 2023 నవంబరులో నేను నర్సు ఉద్యోగానికి ఫ్రాంక్‌ఫర్ట్ బయల్దేరుతుంటే అమ్మ మహా ధీమాగా ఉంది. "క్రిస్మస్ పుట్టింటికే పోతున్నావు, ఇంకా బెంగేంటే?" అంది.

పుట్టిల్లు బాగానే ఉంది, చప్పుడే లేదు. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ ఎనిమిదింపావు దాటాక తెల్లారి, నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. సినిమాలు చూసి మంచు కురుస్తుందనుకుంటాం గానీ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కువగా పడేది సన్నటి వానే. పాత ఊరి నడిబొడ్డున రోమర్‌బెర్గ్‌లో క్రిస్మస్ బజారు నవంబరు చివర్నుంచి కిటకిటలాడుతుంది. తీరా పండగ వచ్చేసరికి ఆ కొట్లు ఎత్తేస్తారు. 24న మధ్యాహ్నం రెండింటికల్లా షాపులు కట్టేయాలని ఇక్కడి చట్టం. 25, 26 రెండూ సెలవులు. ఆ ఏడాది 24 ఆదివారం పడడంతో శనివారం రాత్రి దించిన షట్టర్లు బుధవారం పొద్దున గానీ లేవలేదు. ఇలాంటప్పుడు రైల్వే స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో ఉండే షాపులే దిక్కు. మందుల షాపులు మాత్రం వంతులవారీగా తెరిచి ఉంచుతారు. డాక్టర్లు లేని వేళ మామూలు జబ్బుకు 116117కి, ప్రాణం మీదికొస్తే 112కి ఫోన్ చేయాలి.

కాగితాల పని ఉన్నవాళ్లు డిసెంబరు సగం కాకముందే ముగించుకోవడం మేలు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి, అందుకు ఓనరు సంతకం పెట్టిన పత్రం కావాలి. అది అయితేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అదీ డబ్బా మీద మన పేరుంటేనే. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లకు నంబర్లుండవు. కింద పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది, పోస్ట్‌మ్యాన్ దాన్నే చూసుకుంటాడు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చినదారినే పోతుంది. మా ఇంటిపేరు ఆ చిన్న చీటీలో పట్టించడానికి నేనూ నా రూమ్మేటూ ఒక సాయంత్రమంతా కత్తెర పట్టుకుని కూర్చున్నాం.

చలికాలం ఇంట్లో ఇంకో చోద్యం ఉంది. హీటరు మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. మూడు మీద పెడితే గది ఇరవై డిగ్రీల దగ్గర నిలుస్తుంది, ఐదు మీద పెట్టినంత మాత్రాన త్వరగా వేడెక్కదు. అంత చలిలోనూ రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి. మన తాలింపుల ఆవిరికి, గదిలో ఆరేసిన బట్టల తేమకు గోడలు బూజు పట్టాయంటే ఓనరుతో పేచీయే.

ఇంత మూగ ఊళ్లో నాకు మనుషుల్ని పరిచయం చేసింది పార్సిళ్లు. ఇక్కడ ఇంట్లో ఎవరూ లేకపోతే కొరియరు అబ్బాయి పక్క ఫ్లాట్లో ఇచ్చి, ఎవరికిచ్చాడో చీటీ రాసి పోతాడు. పండగ ముందు పార్సిళ్లకు అంతుండదు, పొద్దున అందరూ ఆఫీసుల్లో ఉంటారు. నాకేమో మధ్యాహ్నం షిఫ్టు. కొత్త పేరు కనపడగానే అతను ఇక వేరే బెల్ నొక్కడం మానేశాడు. మా వరండా గోదామైంది. ఎప్పుడూ "హలో" దాటని వాళ్లు చీటీ పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, పేరు చెప్పి, ఏ దేశం, ఏ ఆసుపత్రి అని అడిగి వెళ్లేవారు. మూడో అంతస్తు పెద్దావిడైతే పెట్టె తీసుకుని, మర్నాడు బెట్‌మెన్‌షెన్ ఇచ్చి వెళ్లింది. బాదంపిండితో చేసి, చుట్టూ మూడు బాదంపప్పులు నిలబెట్టే ఈ ఊరి క్రిస్మస్ మిఠాయి అది.

మనుషులకు దగ్గర కావడానికి రెండో దారి డ్యూటీ చార్టు. మన నర్సింగ్ డిగ్రీకి ఇక్కడి గుర్తింపు వచ్చేదాకా మేం సహాయకులుగానే పనిచేస్తాం, కానీ షిఫ్టులు అందరితో సమానమే. జర్మన్లకు అసలు పండగ 24 సాయంత్రం. చర్చికి వెళ్లొచ్చి, చెట్టు కింద కానుకలు విప్పి, బంగాళాదుంప సలాడ్, సాసేజ్‌లతో తేలిగ్గా భోంచేస్తారు. పిల్లలున్న సిస్టర్లకు ఆ పూట ఇంట్లో ఉండడం ముఖ్యం. ఆ షిఫ్టు నేను తీసుకుంటానంటే మా ఇన్‌ఛార్జి మొహం వికసించింది. జాలిపడి చేసిన పనేం కాదు లెండి. 24 మధ్యాహ్నం రెండు నుంచి, 25, 26ల్లో చేసే పనికిచ్చే అదనపు భత్యం గంట జీతంలో 150 శాతం దాకా పన్ను లేకుండా వస్తుందని ఇక్కడి చట్టం. మామూలు ఆదివారానికైతే ఆ పరిమితి 50 శాతమే. భత్యం ఎంతిస్తారన్నది మాత్రం ఆసుపత్రిని బట్టి ఉంటుంది.

ఆ సాయంత్రం ఐదుకి ఐదు నిమిషాలుందనగా, తుంటి ఎముక ఆపరేషనైన తాతగారొకరు కిటికీ తెరవమన్నారు. గాలికి అనుకుని కాస్త వాల్చాను. "పూర్తిగా తియ్యమ్మా" అన్నట్టు చెయ్యూపారు. సరిగ్గా ఐదింటికి ఊళ్లోని పది చర్చిల యాభై గంటలు ఒక్కసారిగా అందుకున్నాయి. ఏటా ఆ పూట అరగంట సేపు మోగిస్తారట. తాతగారు ఏ గంట ఏ చర్చిదో వేలు చూపిస్తూ చెప్పుకుపోతున్నారు. పక్క మంచం ఆయన దుప్పటి మెడదాకా లాక్కుని, చలికి చంపేస్తారా అని విసుక్కున్నాడు. మైకు సెట్టు కింద పెరిగిన దాన్ని, ఆ ఊళ్లో మొదటిసారి నాకు ప్రాణం లేచొచ్చింది.

26న మూడింటికి కాఫీకి రమ్మంది మూడో అంతస్తావిడ. ఇక్కడ మూడంటే మూడే. అమ్మ సూట్‌కేసులో కుక్కిన అరిసెలు పట్టుకెళ్లాను. నెయ్యిలో వేయించినవే కదా, నూనె కాదు కదా అని రెండుసార్లు అడిగి మరీ తిందావిడ.

నా రూమ్మేటుది కరీంనగర్. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ నేర్చుకుని వచ్చింది. నా బేరం చూసి తనూ డిసెంబరు 31 రాత్రి డ్యూటీ తీసుకుని, బదులుగా భోగి, సంక్రాంతి రెండు రోజులూ సెలవు రాయించుకుంది. గది గదికీ పొగ అలారం ఉన్న ఇంట్లో భోగిమంట ఊసెత్తలేదు గానీ, తెల్లవారుజామునే నువ్వుల నూనెతో తలంటు మాత్రం నా చేత పోయించుకుంది. సంక్రాంతి సోమవారమైంది. తను సకినాలు చుడుతుండగా బెల్ మోగింది, కొరియరు అబ్బాయి. మూడో అంతస్తుకి రెండు పెట్టెలు, పైన వాళ్లకొకటి.